ఆమె చెవి, నా ఫోను

జూన్ 6, శుక్రవారం

మా ఆవిడ కృప చెవి మిషన్ల యాప్ రాత్రికి రాత్రి తనంతట తానే మారిపోయింది. పొద్దున ఫోను తెరిస్తే రంగు వేరు, అక్షరాలు వేరు. నిన్నటి దాకా నాలుగు బటన్లు ఉండేవి. ఇల్లు, బజారు, ఫోను, సంగీతం. ఇప్పుడు మూడే ఉన్నాయి. సంగీతం లేదు.

నన్నెవరూ అడగలేదు. నేనేమీ నొక్కలేదు.

మార్చిలో ఆ నాలుగో బటన్ కోసమే ఈ రకం మిషన్లు కొన్నాం. మా సంఘంలో ఆరాధన మొదటి పాట ఎత్తేది కృప. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ అంతే. వాయిద్యం ఉండదు, ముందు ఆమె ఒక్క గొంతే లేస్తుంది. రెండో వరుసలో అందరూ అందుకుంటారు. నాలుగేళ్ళుగా చెవులు మందగించి, నిరుడు క్రిస్మస్ నాటికి సుతి తప్పడం మొదలైంది. దుకాణంలో అమ్మాయి అప్పుడే వివరించింది. ఈ మిషన్ మామూలుగా సాగదీసిన స్వరాన్ని ఈల అనుకుంటుంది. ఈల అంటే తన లోపమే అనుకుని దాన్ని కోసేస్తుంది. సంగీతం బటన్ నొక్కితే కోయదు.

మూడు నెలలు కోయలేదు. ఈస్టరు నాడు కృప పాడుతుంటే వెనక బల్లల వాళ్ళు కూడా తలెత్తి చూశారు.

యాప్ నా ఫోనులో ఉంది. కృపది నొక్కుడు బటన్ల ఫోను, అందులో ఎక్కదు. దుకాణంలో 'యజమాని' అన్న గడిలో కూడా నా పేరే రాశాను.

కొట్టు: మిక్సీలు రెండు, యాంప్లిఫయరు ఒకటి. అన్నీ బాగు చేసి ఇచ్చేశాను.


జూన్ 7, శనివారం

యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. మూడే బటన్లు.


జూన్ 8, ఆదివారం

పెంతెకొస్తు. గుడి నిండింది.

కృప లేచింది. మొదటి రెండు మాటలు బాగానే వచ్చాయి. మూడో మాట దీర్ఘం తీసేచోట ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. నేను మగవాళ్ళ వైపు నాలుగో బల్లలో ఉన్నాను. ఆమె కుడి చెవి మీద చెయ్యి వేసుకోవడం కనిపించింది. అప్పుడు ఆషర్ కీబోర్డు మీద పాట అందుకున్నాడు. ఆషర్ బ్యాంకులో పనిచేస్తాడు, యౌవనుల కూడిక పెద్ద. మంచివాడే. ఆమె పరువు కాపాడటానికే వాయించాడు. అందరూ పాడారు. కృప కూర్చుంది.

ఇంటికి వచ్చాక ఏమైందని అడిగాను. అన్నం వడ్డిస్తూ అంది.

"నా గొంతు నాకే ఎవరో ఎక్కిరించినట్టు ఇనబడ్డది. నేను దీర్ఘం తీస్తే అది గజగజ వణుకుతున్నది. నేను వణుకుతున్ననా, మిషన్ వణుకుతున్నదా తెల్వలె."

మిషనే అన్నాను. సోమవారం బాగు చేయిస్తానన్నాను.


జూన్ 9, సోమవారం

కొట్టు మూసి కంపెనీకి ఫోను చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించారు. తర్వాత ఒకాయన హిందీలో మాట్లాడాడు. యాప్ మార్పు నా అనుభవాన్ని మెరుగుపరచడానికట. ఎవరి అనుభవం అని అడిగాను. ఆయన అదే వాక్యం మళ్ళీ చదివాడు.

సంగీతం ఏమైందంటే ఈ మోడలుకు ఆ సౌకర్యం 'ఇకపై అందుబాటులో లేదు' అన్నాడు. కొన్నప్పుడు ఉంది కదా అన్నాను. ఉండేది సార్ అన్నాడు.

మిషన్లు అమ్మిన దుకాణానికి వెళ్ళాను. మార్చిలో మాట్లాడిన అమ్మాయే ఉంది. పెట్టె మీద కూడా సంగీతం అని ఉంది, తీసుకెళ్ళి చూపించాను. ఆమె పెట్టె తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించింది. సౌకర్యాలు ముందస్తు సూచన లేకుండా మారవచ్చు. అక్షరాలు చదవడానికి నాకు కొట్టులో వాడే భూతద్దం కావాల్సి వచ్చేది. తాము అమ్మడం వరకే, తరువాతిదంతా కంపెనీ చేతిలో ఉంటుందంది.

కొన్నది నేను. చెవి మా ఆవిడది. పెత్తనం కంపెనీది.


జూన్ 11, బుధవారం

మౌలాలిలో కల్పలత అనే ఆమె చెవుల పరీక్ష చేస్తుందని తెలిసి కృపను తీసుకువెళ్ళాను. చిన్న గది. మర్యాద తెలిసిన మనిషి. ఆమె దగ్గర అన్ని కంపెనీల తీగలూ ఉన్నాయి. మా మిషన్లను తన కంప్యూటరుకు కలిపింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రెండుసార్లు ప్రయత్నించింది.

"అంకుల్, ఇది చేయడం నాకు వచ్చు. రెండు నిమిషాల పని" అంది. "కానీ ఆ దుకాణపోల్లు అమ్మినవి వాళ్ళ మనుషులే తెరవాలని తాళం ఏసిన్రు. నేను తెరిస్తే తెరుచుకోదు."

తాళం పగలగొట్టే దారి లేదా అన్నాను. నవ్వింది. "మీరు మిక్సీలు బాగు చేస్తరంట కదా. మిక్సీకి స్క్రూ ఉంటది. దీనికి స్క్రూ ఏదీ?"

కృప మా ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూస్తోంది. విషయం అర్థమైంది ఆమెకు.


జూన్ 12, గురువారం

కొట్టులో భూతద్దం కింద పెట్టి చూశాను. నిజమే. స్క్రూ లేదు. రెండు ముక్కలను జిగురుతో అతికించారు. బ్యాటరీ తలుపు తప్ప తెరుచుకునేది ఏదీ లేదు.

నలభై ఏళ్ళుగా మోండా మార్కెట్ వెనక ఈ పనే చేస్తున్నాను. ఎవరూ నేర్పలేదు. వాల్వు రేడియోలు విప్పి నేర్చుకున్నాను. గుడి యాంప్లిఫయరు నేను కట్టిందే. విప్పినవన్నీ తిరిగి బిగించాను. విప్పడానికే వీలు లేని వస్తువు ఇదొక్కటే, అది నా భార్య చెవిలో ఉంది.


జూన్ 14, శనివారం

కృప పొద్దున్నుంచీ వంటింట్లో సాధన చేస్తోంది. ఒక్కో స్వరం తీస్తుంది, ఆగుతుంది, తల విదిలిస్తుంది. మళ్ళీ తీస్తుంది. పక్కింటి శ్యామలమ్మగారు కిటికీ దగ్గరకొచ్చి, "ఏందమ్మా, పాట మర్చిపోయినవా" అని అడిగారు. కృపకు అది వినబడింది. గిన్నె గట్టిగా పెట్టింది.

సాయంత్రానికి తలనొప్పి అంది. తలనొప్పి రాకుండా ఎట్లా ఉంటుంది. నేను వరండాలో కూర్చుని ఫోనులో శబ్దం తగ్గించాను. పది గీతల్లో ఎప్పుడూ ఏడు మీద ఉంచుతాను. అయిదుకు దించాను. ఆమె గమనించలేదు. సాధన మానేసి పడుకుంది. కాసేపు విశ్రాంతిగా ఉంది.

పొద్దున మళ్ళీ ఏడుకు పెట్టాలి.


జూన్ 15, ఆదివారం

కృప లేవలేదు. ఆషర్ వాయించాడు.


జూన్ 17, మంగళవారం

కృప చెల్లెలు మేబెల్ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మొదలు.

"బావా, సికింద్రాబాదు మొత్తం మిక్సీలు బాగు చేస్తవు. ఇంట్ల అక్క చెవి బాగు చేయరాదా?"

నేను నవ్వి ఊరుకున్నాను. మేబెల్ ఊరుకునే రకం కాదు. అక్క ఇక పాట మానుకోవాలట. వయసైంది, మిషన్లు పెట్టుకుని అందరి ముందు నిలబడి నవ్వులపాలు కావడం ఎందుకట. అవతల యౌవనులు ఎదురు చూస్తున్నారట. కృప మొహం చూశాను. కింది పెదవి లోపలికి పోయింది. ఆమె ఏడ్చే ముందు అట్లా అవుతుంది.

టైము చూసుకున్నట్టు ఫోను తీసి మూడుకు దించాను. మేబెల్ ఇంకో గంట మాట్లాడింది. కృప తల ఊపుతూ చిక్కుడుకాయలు ఒలిచింది. పెదవి మామూలుగా అయింది.

ఇది తప్పనుకోను. జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తాం. అట్లాంటిదే.


జూన్ 18, బుధవారం

కంపెనీ నుంచి సందేశం. నా ఫిర్యాదు 'పరిష్కరించబడింది' అట. ఏం పరిష్కరించారు? యాప్ తెరిచి చూశాను. మూడు బటన్లు.


జూన్ 19, గురువారం

సాయంత్రం అయిదుకు దించాను. తలనొప్పి లేదంది.


జూన్ 20, శుక్రవారం

దించాను.


జూన్ 21, శనివారం

సాయంత్రం పాస్టరు జకర్యాగారు ఇంటికి వచ్చారు. మామూలుగా ముందు కబురు చేస్తారు. ఈరోజు చేయలేదు. ఆయన చెప్పులు విప్పుతున్నప్పుడే నాకు తెలిసిపోయింది.

కృప కుర్చీ తుడిచి వేసి ఎదురుగా పీట మీద కూర్చుంది. రేపు మళ్ళీ తానే ఎత్తాలని పొద్దునే నిర్ణయించుకుంది. స్వరం సాగదీయకుండా తెంచి తెంచి పాడితే మిషన్ ఊరుకుంటోందని వారమంతా కష్టపడి కనిపెట్టింది. పాస్టరుగారు రాగానే అది చెబుదామనుకుంటున్న మొహం ఆమెది.

ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఫోను తీశాను. అడుగు దాకా దించేశాను. సున్నా.

ఆయన చాలా మర్యాదగా చెప్పారు. రేపటి నుంచి మొదటి పాట ఆషర్ బృందం ఎత్తుతుంది, ముప్పై ఏళ్ళ సేవను సంఘం మరువదు, వచ్చే నెలలో ఒక శాలువ కప్పుతారు, అమ్మగారు మనసు కష్టపెట్టుకోవద్దు. కృప ఆయన మొహంలోకి చూస్తూ నవ్వుతోంది. ఎవరైనా మాట్లాడేది వినబడకపోతే ఆమె అట్లాగే నవ్వుతుంది, అలవాటు. ఆయన ఆపగానే, "చాయ్ పెడ్త పాస్టరుగారు" అని లోపలికి వెళ్ళింది.

పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. "కాలేబుగారూ, అమ్మ మనసు పెద్దది. నేను ఎంతో భయపడి వచ్చాను" అన్నారు.



ఆయన వెళ్ళాక ఏడుకు పెట్టాను. పాస్టరుగారు ఏమన్నారు అని కృప అడిగింది. నీ గురించి మంచిగా చెప్పారు అన్నాను. అది అబద్ధం కాదు. పొద్దున నెమ్మదిగా చెబుతాను. ఆయన నోటితో ఒక్కసారిగా వినడం కంటే నేను నెమ్మదిగా చెప్పడం మేలు.


జూన్ 22, ఆదివారం

చెప్పలేదు.


జూన్ 23, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

పొద్దున ఆమె నీలం చీర కట్టుకుంటుంటే చెబుదామనుకున్నాను. దారిలో చెబుదామనుకున్నాను. బోయిగూడ సందు దాటేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను కూడా. లారీ వస్తోందనుకుంది.

గుడిలో ఆమె నేరుగా ముందుకు వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. పుస్తకం తెరవలేదు, ఆమెకు పుస్తకం అక్కర లేదు. నోరు తెరిచింది. అదే క్షణంలో కీబోర్డు మొదలైంది. వేరే పాట. మైకుల ముందు ఆరుగురు యౌవనులు నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళను అప్పుడే చూసింది. నోరు తెరిచే ఉంది. జనం అంతా పాడుతున్నారు. పాస్టరుగారు వేదిక మీద నుంచి అయోమయంగా చూశారు, తరువాత కూర్చోమని చేత్తో సైగ చేశారు. పిల్లలకు చేసినట్టు.

ఆమె తన బల్ల దాకా తిరిగి నడవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. పాట రెండో చరణం మొత్తం పట్టింది.

ఇదంతా ఆ కంపెనీ వల్ల. వాళ్ళు ఆ బటన్ తీయకపోతే ఆమె జూన్ 8న ఆగేది కాదు. ఆగకపోతే ఆషర్ వాయించేవాడు కాదు, పాస్టరుగారు వచ్చేవారు కాదు. లెక్క వేసి చూస్తే ప్రతి అంకెకూ మొదలు అక్కడే.

మధ్యాహ్నం కొట్టులో కూర్చుని ఉత్తరం రాశాను. ఇ-మెయిల్ చేయించి, కాగితం మీద కూడా పంపాను. నకలు ఇక్కడ రాసుకుంటున్నాను.

"అయ్యా, మీరు అమ్మిన వస్తువు ఒక మనిషి చెవిలో ఉంది. ఆ మనిషికి చెప్పకుండా, ఆమెను అడగకుండా, ఆమె ఏది వినాలో ఏది వినకూడదో నిర్ణయించే హక్కు మీకు ఎవరిచ్చారు? ఆమె మేలు కోసమని మీరు అంటున్నారు. ఆమె మేలు ఏమిటో ఆమెను అడిగారా?"

బాగా వచ్చింది. ఇంతకంటే సూటిగా నేను ఎప్పుడూ రాయలేదు.


జూన్ 25, బుధవారం

కృప నాతో మామూలుగానే ఉంది. పాస్టరుగారు తనకు చెప్పకుండా ఇట్లా ఎందుకు చేశారో అర్థం కావడం లేదంటుంది. రోజుకు నాలుగుసార్లు అంటుంది. ఆయన మంచి మనిషే, ఇట్లాంటి పని ఎప్పుడూ చేయలేదే అంటుంది. నేను కొట్టుకు తొందరగా వెళ్తున్నాను.

సాయంత్రం అయిదుకు దించాను.


జూన్ 27, శుక్రవారం

కొత్త తక్లీఫ్. ఏడు మీద ఉంచినా ఆమెకు సరిగా వినబడటం లేదు. కుక్కరు కూతలు లెక్కపెట్టలేకపోయింది, పప్పు మాడింది. శ్యామలమ్మగారు గోడ మీద నుంచి రెండుసార్లు పిలిస్తే పలకలేదట. తొమ్మిదికి పెట్టాను. అప్పుడు కూడా మునుపటిలా లేదంటుంది.

బ్యాటరీలు మార్చాను. చెవి గులిమిని ఆపే చిన్న జల్లెడ కూడా మార్చాను. లాభం లేదు.

అంటే ఇప్పుడు శబ్దం కూడా వాళ్ళే దొంగతనంగా తగ్గిస్తున్నారు. కొత్త మిషన్లు కొనిపించడానికి. ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి వినియోగదారుల ఫోరం మాట కూడా రాశాను.


జూన్ 30, సోమవారం

ఉత్తరం పనిచేసింది. కంపెనీ మనిషి స్వయంగా దుకాణానికి వస్తాడట. గురువారం పదకొండు గంటలకు. తాళం తెరిచే అనుమతి అతని దగ్గర ఉంటుందట.

కృపకు చెప్పాను. సంగీతం మళ్ళీ వస్తుందా అని అడిగింది. రాకపోతే నేను ఊరుకోను అన్నాను.


జూలై 3, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కంపెనీ మనిషి పేరు విశ్వతేజ. ముప్పై ఏళ్ళు ఉంటాయి. చల్లటి గదిలో ముగ్గురం కూర్చున్నాం. అతను మిషన్లు తీసి చిన్న డబ్బాలో పెట్టి కంప్యూటరుకు కలిపాడు, మళ్ళీ కృప చెవులకు పెట్టాడు. ఎర్ర అక్షరాలు రాలేదు. తెర నిండా గీతలూ పట్టికలూ వచ్చాయి.

సంగీతం సంగతి ముందే చెప్పేశాడు. అది పెద్దాఫీసులోనే తీసేశారు, ఖరీదైన మోడళ్ళకు మాత్రం ఉంచారు. తన చేతిలో లేదు. నేను పెట్టె చూపించాను. అతను పెట్టె వైపు చూడను కూడా లేదు, రోజూ చూస్తుంటాడేమో.

"శబ్దం తగ్గిన సంగతి మాత్రం దొరికింది సార్" అన్నాడు. కుర్చీ కృప వైపు తిప్పాడు. ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా, గట్టిగా మాట్లాడాడు. పని తెలిసినవాడు.

"మేడం, సాయంత్రం పూట మీరు వాల్యూమ్ బాగ తగ్గిస్తున్నరు. మిషన్ దాన్ని చూసి నేర్చుకుంటది. రోజూ తగ్గిస్తుంటే మీకు అంతే ఇష్టమనుకుని తనే తక్కువ నుంచి షురూ చేస్తది. అందుకే ఇప్పుడు ఏడు పెడ్తే పాత అయిదు లెక్క ఇనిపిస్తున్నది. కంపెనీ తగ్గించింది కాదు."

"నేను తగ్గియ్యలేదు బాబూ" అంది కృప.

"ఇగో, అంత రాసి ఉంది మేడం. ప్రతిదానికీ టైముతో లెక్క ఉంటది." తెర మీద వేలు పెట్టి చదివాడు. జూన్ పద్నాలుగు, ఏడు నుంచి అయిదు. పదిహేడు, మూడు. పందొమ్మిది. ఇరవై. "ఇరవై ఒకటో తారీకు చూడండి. సాయంత్రం ఆరుంబావుకు ఒకటేసారి సున్నా. ఏడింటికి పది నిమిషాలు తక్కువున్నప్పుడు మళ్ళ పైకి. ఆ దినం ఏమన్న పెద్ద సప్పుడైందా మేడం?"

కృప లెక్క వేసుకుంది. ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకోవడం నేను చూశాను.

"ఆ దినం పాస్టరుగారు వచ్చిన్రు" అంది.

తరువాత, "నా ఫోన్ల ఆ యాప్ లేదు" అంది.

విశ్వతేజ నా వైపు చూశాడు. నా చేతిలో ఫోను ఉంది. అతను తెర వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఏదో కిందికీ పైకీ జరిపాడు.

కృప నన్ను చూడలేదు. అతన్నే అడిగింది. ఆ ఫోను లేకుండా ఈ మిషన్లు నడవవా? నడుస్తాయి మేడం, ఒక్కోదానికి చిన్న మీట ఉంది, ఎడమది నొక్కితే తగ్గుతుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది. అయితే ఆ ఫోను తీసెయ్, అంది. మిషన్ నేర్చుకునుడు గూడ తీసెయ్.

దానికి యజమాని ఒప్పుకోవాలన్నాడు. యజమాని ఎవరు అంది. పేరు సార్‌ది ఉంది అన్నాడు. నా ఫోనుకు నాలుగు అంకెలు వచ్చాయి. అవి పైకి చదవాలి. చదివాను. మొదటిసారి అతనికి వినబడలేదు, మళ్ళీ చదివాను.

ఆమె శబ్దం పాత ఏడుకు తెచ్చాడు. కృప కళ్ళు కొద్దిగా పెద్దవయ్యాయి. గదిలో ఏసీ మోత ఆమెకు వినిపించినట్టుంది.

ఆటోలో సగం దూరం వచ్చాక అంది.

"కంపెనీ ఆయన ఎక్కడో ఉన్నడు. నేనెవరో ఆయనకు తెల్వదు. మీకు తెల్సు కద."

తలనొప్పి గురించి చెప్పబోయాను.

"నేను నోరు తెరుచుకొని నిలబడ్డ" అంది. "మీరు నాలుగో బల్లల కూసున్నరు."


జూలై 4, శుక్రవారం

కంపెనీకి మూడో ఉత్తరం మొదలుపెట్టాను. పెట్టె మీద రాసింది తీసేయడం మోసమే. ఆ మాట ఇప్పటికీ నిజమే.

రెండు వాక్యాల తరువాత ఆపేశాను. జూన్ 23 నాటి నకలు మళ్ళీ చదివాను.


జూలై 5, శనివారం

కృప ఒక్కతే పాస్టరుగారి ఇంటికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. మేబెల్ ఫోను చేసి చెప్పింది. పాస్టరుగారి తప్పు లేదని, ఆ రోజు తనకేమీ వినబడలేదని చెప్పిందట. ఎందుకు వినబడలేదో చెప్పలేదట. రేపు ఒక్క పాట కీబోర్డు లేకుండా తనను ఎత్తనివ్వమని అడిగిందట. ఆయన ఒప్పుకున్నారు. ఒక్క ఆదివారమే. తరువాత ఆషర్ బృందమే. స్త్రీల గురువారం కూడికలో మాత్రం ఇక ముందూ తానే ఎత్తుతానని తేల్చుకుని వచ్చిందట.

"ఎందుకు ఇనబడలె బావా?" అని మేబెల్ అడిగింది.

నేను తగ్గించాను అన్నాను. ఇంకో ప్రశ్న వేయకుండా మేబెల్ ఫోను పెట్టేయడం నాకు తెలిసి ఇదే మొదలు.


జూలై 6, ఆదివారం

కృప ముందుకు వెళ్ళింది. నిలబడ్డాక రెండు మిషన్లూ తీసి, ముందు బల్లలో ఉన్న మేబెల్ చేతికిచ్చింది. ఆషర్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పాట ఎత్తింది. మిషన్లు లేకుండా ఆమెకు ఇప్పుడు దాదాపు ఏమీ వినబడదు. తన గొంతు మాత్రం తలలో మోగుతుందేమో. మొదటి చరణం సుతి సరిగ్గా ఉంది. దీర్ఘం తీయాల్సిన చోట తీసింది, తెంచలేదు. వణకలేదు. రెండో చరణంలో జనం అలవాటు ప్రకారం నెమ్మదించారు. ఆమెకు అది తెలియదు. ఆమె అర వరుస ముందుకు వెళ్ళిపోయింది. మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. ఆడవాళ్ళు గబగబా పాడి ఆమెను అందుకున్నారు. మూడో చరణంలో మళ్ళీ విడిపోయారు, మళ్ళీ అందుకున్నారు. చివరి మాట అందరికంటే ముందే పూర్తి చేసి, ఇంకా పాడుతున్న మొహాలను చూస్తూ నిలబడింది. వాళ్ళు ఆపేదాకా కూర్చోలేదు.

బాగా పాడిందా అంటే చెప్పలేను. మునుపటిలా లేదు. కానీ ఎవరూ ఏమీ కోయలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మిషన్లు మళ్ళీ పెట్టుకుని, అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది. ఆ రోజు పాస్టరుగారు చెప్పింది మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. గొంతు సవరించుకున్నది, సేవ, శాలువ, మనసు కష్టపెట్టుకోవద్దన్నది. ఆయన కళ్ళు చెమర్చినది. ఫోను ఏ చేత్తో తీసినది. పొద్దున చెబుదామనుకుని చెప్పనిది. ఆమె ఏడుస్తుందని కాదు, ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలియదని తగ్గించానని చెప్పాను. ఇంత పొడుగ్గా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యలో ఆమె చెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టింది. కొంగు అడ్డం ఉంది. ఏ చెవో కనిపించలేదు. నొక్కిందో, జుట్టు సర్దుకుందో తెలియదు.

చెప్పడం అయిపోయింది. ఆమె తిరగలేదు. విన్నదో లేదో తెలుసుకునే దారి నా దగ్గర లేదు. వినబడుతోందా అని అడగడానికి నోరు రాలేదు.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.